గోడ కదిలిందా? కొలత కదిలిందా?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో నేర్చుకున్న సంగతి ఒకటి చెప్పమన్నారు. నాది కొలతల పని. కొలిచే పరికరాన్నే కొలవాల్సి వచ్చిన సందర్భం ఒకటి చెబుతాను.

ఒక కొండ ప్రాంతంలో జవాన్ల కుటుంబాలుండే క్వార్టర్స్ పైన, మట్టి జారకుండా కట్టిన పెద్ద రాతి గోడ ఉండేది. అది కదులుతోందేమోనని ఏటా ఒకే స్తంభం మీద లేజర్ స్కానర్ పెట్టి కొలిచేవాళ్ళం. ఈ యంత్రం గిర్రున తిరుగుతూ కిరణాలు పంపి, అవి వెళ్ళి తిరిగొచ్చే కాలాన్ని బట్టి దూరం చెబుతుంది. సెకనును 15,000 కోట్ల భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగం తేడా వస్తే చాలు, దూరం ఒక మిల్లీమీటరు తప్పుతుంది. అంత సున్నితమైన లెక్క!

ఆ ఏడు వేరే స్కానర్ వచ్చింది. గోడ 6 మిల్లీమీటర్లు ముందుకొచ్చినట్టు చూపించింది. నాలుగుసార్లు కొలిచాం, నాలుగుసార్లూ అదే. కుటుంబాలను ఖాళీ చేయించాలన్న మాట కూడా మొదలైంది. అప్పుడు మా హవల్దారు ఒకాయన అన్నాడు: "సార్, గోడే కాదు, ఎదురుగా ఉన్న కొండబండ కూడా 6 దగ్గరకొచ్చింది. మన వెనకాల ఉన్న బండా 6 దగ్గరకే వచ్చింది. స్తంభం ఒరిగితే ఒకటి దగ్గరై, రెండోది దూరం కావాలి కదా?"

నిజమే! వెంటనే మైదానంలో ఒకే వరుసలో మూడు గుర్తులు పెట్టాం. గుండు అంకెల్లో చెబుతాను. మొదటి దానినుంచి రెండో దానికి 19.994 మీటర్లు, రెండో దానినుంచి మూడో దానికి 29.994. కూడితే 49.988. మొదటినుంచి మూడో దానికి నేరుగా కొలిస్తే 49.994! రెండు ముక్కల్లో తప్పు రెండుసార్లు పడింది, ఒకే కొలతలో ఒకసారే పడింది. ఆ తేడాయే యంత్రంలోని తప్పు: ప్రతి కొలతకూ 6 మిల్లీమీటర్లు తక్కువ. అది సరిచేస్తే గోడ ఉన్నచోటే ఉంది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు అటువైపు ఉండి, గోడ నిజంగానే 6 ముందుకొచ్చి ఉంటే? యంత్రం "ఏమీ కాలేదు" అనేది. దాని కింద పిల్లలు పడుకుని ఉండేవారు.

తూకం రాయి తక్కువైతే పదిసార్లు తూచినా అదే తప్పు వస్తుంది. కొలతలు ఒకదానితో ఒకటి కలిసినంత మాత్రాన నిజం కావు. ఈ మూడు గుర్తుల పరీక్షకూ ఒక హద్దుంది. దూరంతోపాటు పెరిగే తప్పును అది పట్టలేదు. ఉదాహరణకు గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తప్పుగా ఇస్తే 100 మీటర్లకు సుమారు ఒక మిల్లీమీటరు తేడా వస్తుంది. దాన్ని పట్టాలంటే, ఇంతకన్నా నమ్మకమైన పరికరంతో ముందే కొలిచిపెట్టిన దూరం ఒకటి ఉండాలి.

ఇది కొత్త బుద్ధి కాదు. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర, మనలాగే సైనికుడైన విలియం లాంబ్టన్ ఉక్కు గొలుసుతో ఆధార రేఖ కొలిచినప్పుడు, దాన్ని సరిచూడటానికి వేరొక గొలుసు ఉంచుకున్నాడు. ఎండకు గొలుసు ఎంత సాగుతుందో లెక్కగట్టాడు.

యువ సోదరులకు నా మనవి ఒక్కటే. యంత్రం ఎంత ఖరీదైనదైనా, కింద పడినా, చేతులు మారినా, చాన్నాళ్ళు మూలన ఉన్నా, ముందు దాన్ని కొలవండి. తర్వాతే దానితో కొలవండి.

 జై హింద్!