మరమ్మతు విద్య
(ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



యంత్రమును నడపువానిని లోకము కీర్తించును, బాగుచేయువానిని మరచును. 1903లో రైటు సోదరుల విమానమునకు ఇంజనును ఆరు వారములలో చేసియిచ్చినవాడు వారి సైకిలు దుకాణమందలి పనివాడు చార్లెసు టేలరు. ఆ పేరు మనలో నెందరెరుగుదురు?

ఈ చిన్నచూపు ప్రాణములమీదికి వచ్చును. 1978లో జపానునందొక విమానపు వెనుకగోడకు మరమ్మతు చేసిరి. పటములో చూపిన అతుకుపలక యొకటి; చేతితో బిగించినది రెండు ముక్కలు. రెండు వరుసల రివెట్లు మోయవలసిన భారము ఒక వరుసపై బడెను. ఏడేండ్లు గడచెను. 1985 ఆగస్టు 12న ఆ గోడ పగిలి 520 మంది మరణించిరి.

మన మోటారు షెడ్డులలోని కుర్రవానికి చేతిపని వచ్చును, పటము చదువరాదు. చదువుకొన్నవాడు పటమెరుగును, చేతికి నూనె యంటనీయడు. విమానమును బాగుచేసినపిదప అర్హతగలవాడు సంతకము చేయనిదే అది యెగురరాదు. ఆ సంతకము వెనుక చేయియు, చదువును రెండునుండవలదా?

1950లో మన దేశమున పారిశ్రామిక శిక్షణ పథకము వెలసెను. 1961లో అప్రెంటీసుల చట్టము వచ్చెను. ద్వారములు తెరచియే యున్నవి. షెడ్డు యజమానులారా! మీ కుర్రవానికి దినమునకొక గంట చదువున కిండు. తలిదండ్రులారా! చదువురానివానికే యీ పనియను మాట మానుడు. తన యంత్రమును తాను బాగుచేసికొనలేని జాతి యెన్ని యంత్రములు కొన్నను పరాధీనయే.