వెన్నులో సూది

వెన్నులో సూది అనగానే మనవాళ్లకు ఒకటే భయం, కాళ్లు పడిపోతాయని. చర్మ క్యాన్సర్ ఉన్న కొందరికి కూడా ఇలా వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తారు. అసలు చర్మ క్యాన్సర్‌కు వెన్నుతో పనేమిటి? మెలనోమా అనే రకం ఒక్కోసారి మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే పొరలదాకా పాకుతుంది. ఆ అనుమానం ఉంటేనే, సాధారణంగా ఎమ్మారై చూశాక, ఈ పరీక్ష చేస్తారు. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. సూది దిగేది దానికి బాగా కింద. మరి భయమెందుకు? మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే నీరు సుమారు 150 మిల్లీలీటర్లు. తీసేది సుమారు 10 మిల్లీలీటర్లు, అదీ గంటా రెండు గంటల్లో మళ్లీ ఊరుతుంది. అందులో క్యాన్సర్ కణాలకోసం వెతుకుతారు. మొదటిసారి దొరక్కపోతే మళ్లీ తీయవచ్చు, విసుక్కోకండి. తర్వాత కొందరికి కూర్చుంటే తలనొప్పి వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే మాత్రం డాక్టరుకు ముందే చెప్పండి.