వరద నిధియు, వ్రాయని జాబితాయు
(ధర్మపురి పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



మన యూర గోదావరి దక్షిణవాహినియై ప్రవహించుచున్నదని యాత్రికులకు సగర్వముగ చెప్పుకొందుము. 2022 జూలైలో ఆ తల్లియే మన తీరపు వీథులలోనికి వచ్చినది. ఎగువన కడెం జలాశయమునకు సుమారు 5 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చి పడినది. తలుపులు ఎత్తినను అది వదలగలిగినది 3 లక్షలే. కట్ట నిలిచినది. కాని రేవులో పడవ నడుపువారికి, పూలు కొబ్బరికాయలు అమ్ముకొనువారికి, తలనీలాలు తీయువారికి ఎన్నిదినములు పని లేకపోయెనో లెక్కించినవా రెవరు?

ధనము లేదనుట పూర్తిగా నిజము కాదు. 1878లో లిట్టన్ ప్రభుత్వము కొత్త పన్నులు వేసి, సాలుకు కోటిన్నర రూపాయలు క్షామరక్షణకై ప్రత్యేకింతుమని మాట యిచ్చినది. ఆఫ్గన్ యుద్ధవ్యయము మీదపడగనే ఆ మాట నీటిమూట యైనది. దేశీయ పత్రికలు మొఱపెట్టినవి. నేడు నిధికి శాసనబలము కలదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టములోని 48వ విభాగము ప్రతి రాష్ట్రమునను నిధి నుంచవలెనని విధించినది. 2021-26 సంవత్సరములకు 15వ ఆర్థిక సంఘము రాష్ట్రముల విపత్తు నిధులకు 1,60,153 కోట్ల రూపాయలు నిర్ణయించెను. మనవంటి రాష్ట్రములకు నూటికి 75 వంతులు కేంద్రమే భరించునట్లు ఏర్పాటు.

ఆ ధనము ఎవరి గడప త్రొక్కును? 2022-26 ప్రమాణములలో నీటివసతిగల పొలమునకు హెక్టారుకు 17,000 రూపాయలు, రెండు హెక్టారుల వఱకు. నాటు వేసినవాడు కౌలుదారైనను పట్టా మఱియొకరి పేర నుండును. సొమ్ము పట్టాను వెదకికొని పోవును. కూలిన గుడిసెకు 8,000. దానితో గుడిసె లేచునో లేదో వెదురు ధర యడిగి మీరే తెలిసికొనుడు.

అయితే ఆ ప్రమాణములలోనే మఱియొక పంక్తి కలదు. జీవనోపాధి తీవ్రముగ దెబ్బతిన్న కుటుంబమునందు, శిబిరములో తలదాచుకొనని ఇద్దఱు పెద్దలకు, ఉపాధి హామీ దినకూలి లెక్కను సాయము చేయవచ్చును. పొల మక్కఱలేదు, పట్టా యక్కఱలేదు. కావలసినది ఆ కుటుంబ మేదో తెలుపు జాబితా. వరద వచ్చిన పిదప వ్రాయు జాబితాలో పలుకుబడి గలవాని పేరు ముందుండును. ఈ సంగతి మీకు నేను చెప్పనక్కఱలేదు.

కరేబియను ద్వీపరాజ్యములు 2007లో కూడి ఒక ఉమ్మడి బీమానిధిని స్థాపించుకొన్నవి. గాలివేగము, భూకంపతీవ్రత మున్ను నిర్ణయించిన కొలతను దాటినచో, ఇంటింటి నష్టము లెక్క తేలువఱకు వేచియుండక ధనము చెల్లింతురు. మన పురపాలక సంఘము రేవుమెట్లపై ఒక గీత గీచి, నీరు దానిని దాటిననాడే జాబితాలోని యిండ్లకు పది దినముల తిండిఖర్చు ఇయ్యరాదా? 2027 పుష్కరములలో అంగళ్ల వేలమునుండి, బండ్ల నిలుపు రుసుమునుండి రూపాయికి 5 పైసలు తీసి వేఱుగ దాచినను మొదలు పెట్టవచ్చును. రాష్ట్రనిధి చేరువఱకు ఆ యిండ్లలో పొయ్యి వెలుగును.

జాబితా మృగశిరకార్తెకు ముందే ముగిసి, అందఱు చదువునట్లు ఈ మందిరపు గోడపై నుండవలెను. అక్రమముగ చేరిన పేరును తీయించుటకును, విడిచిన పేరును చేర్పించుటకును అప్పుడే అవకాశము. వార్డునకు ఇద్దఱు చొప్పున వ్రాయువారు కావలెను. పేరిచ్చువారు సభ ముగియగనే బల్లయొద్దకు రావలెనని ప్రార్థన.