ఈనిన ఆవు లేవకున్నచో
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగము)



పాడి గల ఇంట ఆవు ఈనిన దినము పండుగ దినము. బిడ్డలకు పాలు, ఇంటిల్లిపాదికి మజ్జిగ, పాలకేంద్రము నుండి వచ్చు సొమ్ము, ఆవును కొన్న అప్పునకు కట్టవలసిన వాయిదా ఇవి యన్నియు ఆ ఈతపై ఆధారపడి యుండును. కాని ఆవు ప్రాణమునకు మిక్కిలి అపాయకరమైన కాలమును అదియే. ఈనిన పిమ్మట మొదటి మూడు దినములు ఇంటివారు కనిపెట్టి యున్నచో పాడి నిలుచును. ఏమరినచో ఒక్క రాత్రిలో కొట్టము శూన్యమగును. అందుచేత నేడు ఈ మూడు దినములను గూర్చియే ముఖ్యముగా చెప్పదలచితిని.

ఈ కాలమున వచ్చు వ్యాధులలో పాల జ్వరము ముఖ్యమైనది. పేరు జ్వరమే గాని ఇందు జ్వరము లేదు. ఆరోగ్యముగా నున్న ఆవు శరీరపు వేడి సుమారు 101.5 డిగ్రీల ఫారన్‌హీటు ఉండును. ఈ వ్యాధిలో అది అంతకంటె తగ్గి, చెవులు, కాళ్లు చల్లబడును. కావున ఒళ్లు వేడిగా లేదుగదా, భయము లేదని అనుకొనుట పొరపాటు.

ఈ వ్యాధి ఏల వచ్చును? పాలలో కాల్షియము అను సున్నపు ధాతువు కలదు. జున్నుపాలలో అది మరింత ఎక్కువ. లీటరునకు సుమారు 2 గ్రాములు. ఆవు రక్తద్రవము మొత్తములో ఒక సమయమున నుండు కాల్షియము 3 గ్రాములు మాత్రమే. పది లీటర్ల జున్నుపాలు దిగిన ఆవు పొదుగులోనికి 20 గ్రాములు పోవుచున్నవన్న మాట. ఆ లోటును ఎముకలలోని నిలువ నుండియు, మేత నుండియు ఎప్పటికప్పుడు పూరింపవలెను. అది ఆలస్యమైనచో కండరములు పట్టు తప్పి ఆవు కూలబడును. హెచ్చుగా పాలిచ్చు సంకర జాతి ఆవులకు, అందును జెర్సీ రక్తము గలవానికి, మూడవ ఈత మొదలుకొని ఇది ఎక్కువగా వచ్చును. మంచి పాడి గల గేదెలకును రావచ్చును.

గుర్తులు తెలిసికొనుట కష్టము గాదు. మొదట ఆవు మేత మాని, వణకుచు, వెనుక కాళ్లు తడబడ నిలుచును. తరువాత కూలబడి లేవలేక, మెడను ప్రక్కకు త్రిప్పి తలను డొక్కపై ఆనించుకొనును. ముట్టె పొడిబారును, పేడ నిలిచిపోవును. చివరకు ఒక ప్రక్కకు పడిపోయి, కడుపు ఉబ్బి, స్పృహ తప్పును. మొదటి గుర్తు నుండి చివరి గుర్తు వరకు కొన్ని గంటలే వ్యవధి. చికిత్స లేనిచో అధిక భాగము మరణించును.

ఇంత భయంకరమైన వ్యాధికి ఇంత చక్కని చికిత్స పశువైద్యములో అరుదు. 1897లో డెన్మార్కు దేశపు పశువైద్యుడు ష్మిట్ పొదుగులోనికి మందు ద్రావణము నెక్కించి ఇట్టి ఆవులను బ్రతికించెను. పిదప పొదుగులోనికి గాలి నింపినను ఆవులు లేచుట గమనించిరి. పొదుగు బిగిసి పాలు దిగుట నిలిచినందున అట్లు జరిగెను. 1925లో స్కాట్లండునందలి డ్రయరు, గ్రెగ్ అను శాస్త్రజ్ఞులు దీనికి మూలము కాల్షియపు లోటే యని తెలిపిరి. నేడు వైద్యుడు కాల్షియము ద్రావణమును నరములోనికి మెల్లగా ఎక్కించును. పడియున్న ఆవు తరచుగా ఒకటి రెండు గంటలలో లేచి నిలుచును. కాని ఆ మందు త్వరగా ఎక్కినచో గుండె ఆగవచ్చును. కావున తెలియనివారు సూది పట్టరాదు. గాలి నింపుట నేడు అవసరము లేదు. దానివలన పొదుగు చెడును.

వైద్యుడు వచ్చులోపల ఇంటివారు చేయదగిన పనులు కొన్ని కలవు. ఆవును ఒక ప్రక్కకు పడనీయక, ఇరుప్రక్కల గడ్డి మూటలు ఆనించి రొమ్ముపై కూర్చుండబెట్టవలెను. క్రింద మందముగా గడ్డి పరచి, రెండు మూడు గంటల కొకసారి ప్రక్క మార్చవలెను. లేనిచో తన బరువునకే కాలి కండలు నలిగి, మందు పనిచేసినను ఆవు లేవలేదు. ఎండ, వాన తగులనీయరాదు.

చేయరాని పని ఒకటి ముఖ్యముగా చెప్పవలసియున్నది. వెదురు గొట్టముతో గంజి, నూనె, కషాయము గొంతులో పోయరాదు. ఈ వ్యాధిలో మ్రింగు శక్తి సన్నగిల్లును. పోసినది ఊపిరితిత్తులలోనికి పోయి, బ్రతుకవలసిన ఆవు దానితోనే చచ్చును. దిష్టి తగిలినదని వాతలు పెట్టుటయు వ్యర్థము. దానిచే విలువైన గంటలు గడచిపోవును.

లేచిన ఆవు మరల కూలబడవచ్చును. కావున మరి రెండు దినములు కనిపెట్టి యుండి, ఆ ఒకటి రెండు దినములు దూడకు చాలినంత మాత్రమే పాలు పితుకవలెను.

వ్యాధి రాకుండ చూచుకొనుట ఇంకను మేలు. గాదెలోని ధాన్యము చేతికందుచుండగా పాతర తెరచువారెవరు? ఈనుటకు ముందు మూడు వారములు మేతలో కాల్షియము మితిమీరి యున్నచో, ఎముకలలోని నిలువను తీయు పని శరీరము మరచియుండును. అవసరము కలిగినపుడు వెంటనే తీయలేదు. అందుచేత చూడి ఆవునకు ఆ మూడు వారములును లూసర్ను వంటి మేతను, సున్నపు పాలు హెచ్చుగా గల ఖనిజ మిశ్రమమును వైద్యుని అడుగక ఎక్కువగా పెట్టరాదు. ఈనిన పిమ్మట మాత్రము అవి ఆవశ్యకములు. ఈనుటకు రెండు నెలల ముందే పాలు పితుకుట మానివేయవలెను.

ఇక మాయ సంగతి. సాధారణముగా అది ఈనిన పండ్రెండు గంటలలోపల పడిపోవును. ఇరువది నాలుగు గంటలైనను పడకున్నచో వైద్యునికి తెలుపవలెను. వ్రేలాడు మాయకు రాయి కట్టుట, చేతితో లాగుట గర్భకోశమునకు హాని. మాయ పడువరకు దూడకు జున్నుపాలు పట్టరాదను మాట కొన్ని ఊళ్లలో ఇప్పటికిని వినబడును. ఇది నిజమునకు సరిగా వ్యతిరేకము. దూడ చీకుటవలన మాయ పడుటకు తోడ్పాటు కలుగును. దూడకు రోగములనుండి రక్షణ నిచ్చునవి ఆ పాలే. అవి పుట్టిన గంటలోపల అందవలెను.

పడిన మాయను ఆవు తినకుండ, కుక్కలు లాగకుండ లోతుగా పాతిపెట్టవలెను. దానిని వట్టి చేతులతో ముట్టరాదు. ఈచుకుపోవుట, మాయ నిలిచిపోవుట బ్రూసెల్లోసిస్ అను అంటువ్యాధి గుర్తులు కావచ్చును. అది మనుష్యులకును సోకును. 4 నుండి 8 నెలల ఆడదూడలకు ఒక్కసారి టీకా వేయించినచో ఈ వ్యాధిని అరికట్టవచ్చును.

ఈనిన పది దినములలో దుర్గంధముతో మైల కారుచు జ్వరము వచ్చినను, పొదుగు వాచి పాలు విరుగుచున్నను, కొన్ని వారములకు దాణా మాని పాలు తగ్గుచున్నను వెంటనే వైద్యునికి చూపవలెను. మందులు వాడిన ఆవు పాలను వైద్యుడు చెప్పిన గడువు తీరువరకు కేంద్రమునకు పోయరాదు.

సభ్యులారా! 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలులో పశుసంవర్ధనము, పాడిపరిశ్రమ, కోళ్ల పెంపకము నాలుగవ అంశము. కావున ఇది మీ పనియే. గొప్ప ఖర్చు అక్కరలేదు. ఊరిలో రాబోవు నెలలలో ఈనదగిన ఆవుల, గేదెల జాబితా వార్డులవారీగా వ్రాయించుడు. సంచార పశువైద్య వాహనమును పిలుచు 1962 నంబరును, స్థానిక పశువైద్యుని నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపైనను, పాలకేంద్రము వద్దను పెద్ద అక్షరములతో వ్రాయించుడు. వాహనము కొట్టము దాక పోవునట్లు దారి బాగుచేయించుడు. వెనుక ఈతలో ఈ వ్యాధి వచ్చిన ఆవు ఏ ఇంట నున్నదో తెలిసికొని, ఆ ఇంటివారికి ముందుగానే చెప్పుడు.

ఒక్క ఆవే ఆధారముగా జీవించు కుటుంబములు ప్రతి గ్రామమునను కలవు. ఈనిన ఆవు రాత్రివేళ కూలబడినచో తెల్లవారనిమ్మని ఊరకుండక, అప్పుడే వైద్యుని పిలుచు అలవాటు మీ గ్రామమున కలిగింపుడు. ఆ కుటుంబములకు మీరు చేయగల మేలు ఇదియే.