బేగంల నవలలను మనం ఎలా చదవాలి?



రాజాంతఃపురాల కథలతో వచ్చే చారిత్రక నవలలంటే మన ఇళ్లలోని ఆడపిల్లలకు ఆసక్తి ఎక్కువ. ఇందు సుందరేశన్ ఆంగ్లంలో రాసిన ‘ది ట్వెంటియత్ వైఫ్’ 2002లోను, దాని కొనసాగింపు ‘ది ఫీస్ట్ ఆఫ్ రోజెస్’ 2003లోను వెలువడ్డాయి. రెండింటికీ నాయిక నూర్జహాన్. ఇటువంటి పుస్తకాలు పిల్లల మనసు పాడుచేస్తాయని కొందరు పెద్దలు అంటారు. మన రాణులు ఎంతటివారో చూడండని మరికొందరు గర్విస్తారు. మేము ఈ రెండు మాటలనూ పూర్తిగా అంగీకరించలేము. పుస్తకాలు చదవనివ్వాలి, చదివి ప్రశ్నించడమూ నేర్పాలి. ఈనాడు మేము మనవి చేయదలచింది ఇదే.

నూర్జహాన్ కథను నవల బాల్యప్రేమతో మొదలుపెడుతుంది. ఎనిమిదేళ్ల మెహ్రున్నిసా యువరాజు సలీంను చూసి మనసు పడుతుంది. నవలకు ఇది అందమే కానీ, దీనికి సమకాలీన చారిత్రక ఆధారం లేదు. ఆధారం ఉన్న కథ ఇంతకంటె గొప్పది. ఇరాన్ విడిచి వలస వస్తున్న కుటుంబంలో 1577లో, కాందహార్ సమీపాన ఆమె జన్మించింది. 1607లో భర్తను పోగొట్టుకుంది. 1611లో, ఒక కుమార్తెకు తల్లి అయిన ఆ వితంతువును జహంగీర్ పాదుషా నికా చేసుకున్నాడు. వితంతువు నికా మాట ఎత్తితే ముఖం చిట్లించే ఇళ్లు మనలో నేటికీ ఉన్నాయి. ప్రేమకథ మాటున పడిపోయిన ఈ సంగతిని మన పిల్లలకు మనమే చెప్పాలి.

ఆమె పేరిట నాణేలు వెలువడ్డాయి, ఆజ్ఞాపత్రాలు జారీ అయ్యాయి. 1626లో జీలం నది ఒడ్డున మహబత్ ఖాన్ పాదుషాను నిర్బంధించినప్పుడు ఆమె ఏనుగునెక్కి పోరుకు దిగింది. మరుసటి ఏడాది జహంగీర్ మరణించాడు. సొంత అన్న ఆసఫ్ ఖాన్ తన అల్లుడైన షాజహాన్ పక్షం వహించి ఆమెను నిర్బంధంలో ఉంచాడు. ఆ తర్వాత ఆమె ఏడాదికి రెండు లక్షల రూపాయల భరణంతో లాహోర్‌లో గడిపి 1645లో కన్నుమూసింది. భర్త ఊపిరితో పాటే ఆమె ఆజ్ఞ కూడా ఆగిపోయింది.

మన హైదరాబాదు చరిత్రలోనూ ఇటువంటి పాఠం ఉంది. హయాత్‌నగర్‌కు పేరునిచ్చిన హయాత్ బక్షీ బేగం ఒక సుల్తాను కుమార్తె, మరొక సుల్తాను భార్య, ఇంకొక సుల్తాను తల్లి. 1626లో పసివాడైన కుమారుడు అబ్దుల్లా గద్దెనెక్కినప్పుడు రాజ్యభారాన్ని వెనుక నుండి మోసింది ఆమెయే. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి మాట్లాడటానికి వెళ్లిందీ ఆమెయే. ఆ సంధిలో భాగంగా అబ్దుల్లా కుమార్తెను ఔరంగజేబు కుమారునికిచ్చి వివాహం చేశారు. నాయనమ్మ చాతుర్యం గోల్కొండను కాపాడింది, మనుమరాలి జీవితం ఆ సంధికి వెల అయింది. ఆ పిల్ల మనసును అడిగినవారెవరు? నవల చదివే ప్రతి అమ్మాయి ఈ ప్రశ్న వేయగలగాలి.

ఈ బేగంలకు తెలివి, ధైర్యం కొదువ కాలేదు. వారి అధికారం భర్త ప్రేమమీదనో, కుమారుని బాల్యంమీదనో ఆధారపడి ఉంది. దయగా ఇచ్చినదాన్ని ఎప్పుడైనా తిరిగి తీసుకోవచ్చు. హక్కుగా ఉన్నదాన్ని తీసుకోవాలంటే అన్యాయం చేస్తున్నామని ఒప్పుకోవలసి వస్తుంది.

దీన్ మన స్త్రీలకు దయను కాదు, హక్కును ఇచ్చింది. సూరా అన్‌నిసా 4వ ఆయత్ మహర్ గురించి, 7వ ఆయత్ తల్లిదండ్రుల ఆస్తిలో స్త్రీకి గల వాటా గురించి స్పష్టంగా చెబుతున్నాయి. మరి మన ఇళ్లలో ఏం జరుగుతున్నది? నికానామాలో రాసిన మహర్‌ను జనాజా లేచే వేళ వితంతువు చేత మాఫ్ చేయించే ఆచారం నేటికీ వినవస్తున్నది. పెళ్లి ఖర్చును లెక్కచూపి చెల్లెలి వాటాను అన్నలు మరచిపోతున్నారు. స్థానిక సంస్థలలో స్త్రీలకు సగం స్థానాలున్నా, గెలిచిన భార్య సంతకం చేస్తే కుర్చీలో భర్త కూర్చునే చోట్లు లేకపోలేదు. నూర్జహాన్‌కు కనీసం నాణెం మీద తన పేరుండేది. మన అక్కచెల్లెళ్లలో ఎంతమందికి ఇంటి కాగితం మీద తమ పేరుంది?

కనుక మా విన్నపం ఒక్కటే. పిల్లల చేతిలోని నవలను లాక్కోకండి. వారితో కలిసి చదవండి. ఈమె అధికారం ఎవరి ఇష్టంమీద నిలిచింది, ఆ మనిషి పోతే ఈమెకు మిగిలిందేమిటి అని వారిని అడగండి. తర్వాత ఇంట్లోని పెట్టె తెరచి మీ నికానామా తీయండి. అందులోని మహర్ చెల్లిందో లేదో చూడండి. మన కుమార్తెలు బేగంల కథలు చదివి నిట్టూర్చడంతో సరిపెట్టుకోక, తమ హక్కు తాము అడిగి తీసుకునేలా పెరగాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.