ఆటశాలలో ఎందరున్నారు?

రేడియోలో మాటాడువారికి తమ మాట ఎన్ని ఇండ్లలో వినబడుచున్నదో ఆ క్షణమున తెలియదు. శ్రోతల ఉత్తరములు వచ్చిన పిదప కొంత తెలియును. ఇంటర్నెట్టుపై ఆటలు నడుపు సర్వరు సంగతి వేరు. తన యొద్ద ఎందరు ఆడుచున్నారో, ఎవరికెన్ని పాయింట్లు వచ్చినవో దానికి ఎల్లప్పుడును తెలియును. అంతేకాదు, అడిగినవారికెల్ల ఆ లెక్క చెప్పును. అట్లు అడిగి తెలిసికొనుటకై పుట్టిన చిన్న పనిముట్లను గూర్చియు, ఆ మర్యాదయే తెచ్చిపెట్టిన చిక్కులను గూర్చియు ఈ ప్రసంగములో ముచ్చటింతుము.

ముందుగా సర్వరన్న మాటకు అర్థము చెప్పుకొందము. ఆటగాండ్రు ఎవరి యింట వారు కంప్యూటరు ముందు కూర్చుందురు. వారందరిని కలుపు కంప్యూటరు వేరొకచోట నుండును. అదియే సర్వరు. కబడ్డీకి బరియు, గీత దాటినదెవరో తేల్చు మధ్యవర్తియు ఎట్లో, ఈ ఆటలకు సర్వరు అట్లు. 1996 జూనులో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునకు చెందిన ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ ‘క్వేక్’ అను ఆటను విడుదల చేసెను. దాని సర్వరును ఎవరైనను నడుపుకొనవచ్చును. కనుక బరులు దేశదేశముల వెలసినవి. ఏ బరిలో మనుష్యులున్నారు, ఏది ఖాళీగా నున్నది, ఏది మనకు దగ్గర అను ప్రశ్నలు పుట్టినవి. ఆ ప్రశ్నలకు జవాబుగా ఆ సంవత్సరముననే స్టీవ్ జాంకోవ్‌స్కీ ‘క్యూస్టాట్’ అను పనిముట్టును వ్రాయ మొదలిడెను. తరువాత వచ్చిన అనేకములైన ఆటలను గూడ అది నేర్చుకొన్నది.

ఇది కమాండ్ లైన్ పనిముట్టు. అనగా దీనికి బొమ్మలు లేవు, మీటలు లేవు. ఆట పేరునకు గుర్తును, సర్వరు చిరునామాను ఒక పంక్తిగా టైపు చేసి పంపవలెను. జవాబు కూడ పంక్తులుగనే వచ్చును: చిరునామా, ఆటగాండ్ర సంఖ్య, ఆడుచున్న రంగస్థలము పేరు, జవాబు రాబట్టిన కాలము, సర్వరు పేరు. ఇంత బీదగా కనబడు దీనికి ఒక గొప్ప సుగుణమున్నది. దీని జవాబును మరియొక ప్రోగ్రామునకు అందీయవచ్చును. అయిదు నిమిషముల కొకసారి దానంతట అదియే అడిగి, వచ్చిన అంకెలను ఒక ఫైలులో వ్రాయునట్లు కంప్యూటరునకు ఆజ్ఞ యీయవచ్చును. ఒక్కసారి అడిగిన అంకె ఆ క్షణమునకే చెల్లును. వారము దినములు వరుసగా వ్రాసిన అంకెలు, ఏ వేళ జనము వత్తురో, ఏ వేళ బరి బోసిపోవునో చూపును.

అడుగు విధానము మిక్కిలి క్లుప్తము. 1999లో వచ్చిన ‘క్వేక్ 3’ సర్వరును చూడుడు. 255 అను విలువగల బైట్లు నాలుగు, వాని వెనుక ‘గెట్‌స్టేటస్’ అను తొమ్మిది ఆంగ్లాక్షరముల మాట: ఇంతియే ప్రశ్న. జవాబులో సర్వరు నియమములన్నియు వచ్చును. పిమ్మట ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క పంక్తి: పాయింట్లు, పింగ్, పేరు.

పింగనగా ప్రశ్న పోయి జవాబు తిరిగివచ్చుటకు పట్టు కాలము. 1983లో మైక్ మూస్ ఈ పేరుతో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసెను. జలాంతర్గాములు శబ్దమును పంపి ప్రతిధ్వనిని వినునప్పటి మ్రోతయే ఆ పేరునకు మూలము. ఆటలో ఈ కాలమే గెలుపోటములను నిర్ణయింపవచ్చును. గ్రెన్‌విల్ ఆర్మిటేజ్ అను పరిశోధకుడు కాలిఫోర్నియాలో నొకటి, లండనులో నొకటి క్వేక్ 3 సర్వర్లను నడిపి, 2003లో తన ఫలితములను ప్రకటించెను. సెకనులో వెయ్యవ వంతులు 150 నుండి 180 లోపల జవాబిచ్చు సర్వర్లనే ఆటగాండ్రు కోరుకొందురని ఆయన కనుగొనెను.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. ఆటగాండ్రెందరను లెక్క సర్వరు చెప్పిన మాట. అది నిజమే కావలెనని లేదు. మనుష్యులు లేనిచోట కంప్యూటరే ఆడించు కృత్రిమ ఆటగాండ్రుందురు. వారిని ‘బాట్’లందురు. బరి నిండుగా కనబడవలెనని కోరు యజమాని వారిని జనములో కలిపి చెప్పవచ్చును. క్వేక్ 3లో బాట్ పింగ్ సాధారణముగా సున్న. లెక్క తీయువారు అట్టివారిని విడదీయవలెను. కాని అడిగినవాడు తన గడియారముతో తానే కొలుచు కాలము అట్టిది కాదు. సర్వరు కావలెనన్న ఆలస్యము చేయగలదు గాని, దూరమును మించి ముందుగా జవాబీయజాలదు.

ఇక చిక్కుల సంగతి. ఈ ప్రశ్నలు యూడీపీ అను పద్ధతిలో పోవును. 1980లో ఏర్పడిన ఈ పద్ధతి పోస్టుకార్డు వంటిది. పంపినవారి చిరునామాగా ఏమి వ్రాసియున్న దానినే నమ్మవలెను. ఒక కొంటెవాడు పొరుగువాని పేరుతో నూరు దుకాణములకు కార్డులు వ్రాసి, కేటలాగులు పంపుడని కోరినచో ఏమగును? కార్డులు తేలికవి, కేటలాగులు బరువువి. ఆ బరువెల్ల పొరుగువాని గుమ్మమున పడును. ఇంటర్నెట్టున ఇట్లే జరిగినది. 2014 జనవరిలో అమెరికా ప్రభుత్వపు కంప్యూటరు రక్షణ విభాగము చేసిన హెచ్చరికలో, క్వేక్ పద్ధతి ప్రశ్నకంటె 63.9 రెట్ల జవాబు తేగలదని చూపబడినది. లెక్క చెప్పు మర్యాద, అన్యుల ఇంటిపై దాడికి ఆయుధమైనది.

దీనికి విరుగుడు సులభమైనది. సర్వరు వెంటనే లెక్క చెప్పక, ముందు ఒక అంకెను పంపును. ఆ అంకెను తిరిగి చెప్పినవానికే జవాబిచ్చును. దొంగ చిరునామా వ్రాసినవానికి ఆ అంకె చేరనే చేరదు. వాల్వ్ సంస్థ తన సర్వర్ల ముఖ్యమైన ప్రశ్నకు 2020 డిసెంబరులో ఈ కట్టుబాటు చేర్చెను. ఈ రెండవ మెట్టెరుగని పాత పనిముట్లను సవరించుకొనవలసి వచ్చినది.

మరియొక సంగతి. సర్వర్ల చిరునామాల పట్టికను ఎవరో ఒకరు ఉంచవలెను. గేమ్‌స్పై అను సంస్థ అనేక ఆటలకు ఆ పని చేసి, 2014 మే 31న మూసివేసినది. దానినే నమ్ముకొన్న ఆటలలో సర్వరు నడుచుచున్నను దాని దారి తెలియనివారైరి. చిరునామాలను తమ ఫైలులో దాచుకొన్నవారు మాత్రము క్యూస్టాట్ వంటి వానితో సర్వరునే నేరుగా అడుగగలిగిరి.

చివరకు గృహస్థులకు ముఖ్యమైన మాట. ఈ పనిముట్లు ఎందరు అనుటతో ఆగవు. ఎవరెవరు అనియు చెప్పగలవు. అవి మారుపేర్లే కావచ్చును. కాని ఒక బాలుడు ఒకే మారుపేరుతో ఏడాది పొడవున ఆడినచో, అయిదు నిమిషముల కొకసారి వ్రాసిన ఆ పట్టిక వాడు ఎప్పుడు మేల్కొనునో, ఎప్పుడు నిద్రించునో, పరీక్షల వారము ఏమి చేసెనో చెప్పివేయును. అందుకు ఎవరును తాళము పగులగొట్టనక్కరలేదు. బడిలోని పేరు, ఇంటి పేరు, ఊరి పేరు కలిపి మారుపేరు పెట్టుకొనవలదని పిల్లలకు చెప్పుట మంచిది. లెక్క తీయు ఉత్సాహముగల యువకులకును ఒక సూచన: తెరపి యిచ్చి అడుగుడు, సంఖ్యను వ్రాయుడు, బాట్లను తీసివేయుడు. పేర్లతో పని లేనప్పుడు వానిని వ్రాయకుడు.