గిటార్ అమ్మేసే ముందు స్ట్రింగ్స్ మార్చి చూడండి

ఈ వారం వేరే టాపిక్ అనుకున్నాను, నోట్స్ కూడా రాసుకున్నాను. మొన్న రాత్రి ఒక మెసేజ్ చూశాక ప్లాన్ మార్చేశాను.

భీమవరంలో బీటెక్ సెకండియర్ చదువుతున్న ఒక అమ్మాయి పెట్టింది. "అన్నయ్యా, ఏడాదిన్నర నుంచి ట్రై చేస్తున్నాను, నా చేతికి గిటార్ రాదని అర్థమైపోయింది. ట్యూన్ చేసిన పది నిమిషాలకే పోతోంది. కార్డ్ పట్టుకుంటే చచ్చిపోయిన సౌండ్ వస్తోంది. అమ్మేస్తున్నాను, ఎంత అడగొచ్చో చెప్పండి" అని. రేటు చెప్పాలంటే గిటార్ చూడాలి కదా, ఫొటో పంపమన్నాను. స్ట్రాట్ షేప్ ఎలక్ట్రిక్ గిటార్, సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నదట. గిటార్ బాగానే ఉంది. తీగలు చూస్తే మాత్రం, పై మూడు సన్న తీగలు తుప్పు పట్టి గోధుమ రంగుకి తిరిగాయి. లావు తీగల మీద నల్లటి మురికి. స్ట్రింగ్స్ ఆఖరిసారి ఎప్పుడు మార్చావమ్మా అని అడిగితే ఒకటే మాట: "మార్చాలా?"

నాకు నవ్వు రాలేదండి. ఎందుకంటే నేనూ అదే బ్యాచ్. థర్డియర్‌లో గిటార్ కొన్నాను, రెండేళ్ళు అవే తీగలు. హాస్టల్‌లో నా పక్క బెడ్ వాడు వాయిస్తే బాగుండేది, నేను వాయిస్తే రేకు డబ్బా మోగినట్టు ఉండేది. నా వేళ్ళ తప్పే అనుకున్నాను. ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళాక ఒక షాపులో పిక్ కొనడానికి గిటార్ పట్టుకెళ్ళాను. అక్కడున్న పెద్దాయన తీగ మీద వేలు పెట్టి, వేలిని చూసుకుని, ఏమీ అనకుండా కొత్త సెట్ తీసి ఎక్కించాడు. ఆ తర్వాత వాయించిన మొదటి జి కార్డ్ నాకిప్పటికీ గుర్తే. రెండేళ్ళు నన్ను నేను తిట్టుకున్నదంతా అనవసరం అనిపించింది.

సరే, తీగ ఎందుకు చచ్చిపోతుందో ముందు చూద్దాం. ఎలక్ట్రిక్ గిటార్ తీగలన్నీ లోపల స్టీలే. ఒకటి, రెండు, మూడు నంబర్లు ఒట్టి స్టీల్ తీగలు. నాలుగు, ఐదు, ఆరు మాత్రం స్టీల్ తీగ మీద ఇంకో సన్న తీగ చుట్టినవి, ఆ చుట్టు ఎక్కువగా నికెల్ పూత వేసిన స్టీల్. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ కాయిల్, అంతే. పైన ఇనుము లాంటిది ఊగితేనే దానికి సిగ్నల్ వస్తుంది. అందుకే క్లాసికల్ గిటార్ నైలాన్ తీగలు దీనికి పనిచేయవు.

స్టీల్‌కి చెమట పడదు, ఉప్పు గాలి అసలే పడదు. భీమవరం, కాకినాడ, వైజాగ్ వైపు ఉండేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, మీ ఇంట్లో కిటికీ ఊచలు చూస్తే చాలు. తీగ మంచి స్వరం ఇవ్వాలంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందం, ఒకే బరువు ఉండాలి. ఒకచోట తుప్పు, ఇంకోచోట చుట్టు సందుల్లో మురికి చేరితే తీగ సమానంగా ఊగదు. పైన ఉండే సన్నని మెరుపు ముందు పోతుంది, సౌండ్ మొద్దుబారుతుంది. ఆ తర్వాత ట్యూనింగ్ కూడా అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. ఓపెన్‌గా మీటితే ట్యూనర్ పచ్చ లైట్ చూపిస్తుంది, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే అపస్వరం. అప్పుడు మీ వేళ్ళు ఎంత బాగా పడినా లాభం లేదు. తీగ కింద గోరు పెట్టి మెల్లగా పొడుగునా లాగి చూడండి. ఫ్రెట్లు ఉన్నచోట చిన్న గుంటలు తగిలితే దాని పనైపోయినట్టే.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద 9-42 అనో, 10-46 అనో ఉంటుంది. అది అంగుళంలో వెయ్యో వంతు లెక్క. 10 అంటే ఒకటో తీగ మందం 0.010 అంగుళం, పావు మిల్లీమీటరు. 46 అంటే ఆరో తీగ. మీ గిటార్ మీద ఇప్పుడు ఏది ఉందో అదే కొనండి, ఎందుకో ఇంకాసేపట్లో తెలుస్తుంది. తెలియకపోతే, స్ట్రాట్ లాంటి వాటికి మొదలుపెట్టేవాళ్ళు 9 తీసుకుంటే వేళ్ళకి సుఖం. ఇలా సన్న సెట్లు ప్యాకెట్లో దొరకడం కూడా ఎప్పటినుంచో లేదు. 1960ల మొదట్లో ఎర్నీ బాల్ స్లింకీ పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. అంతకు ముందు కొందరు బెండ్ చేయడం కోసం ఒకటో తీగ స్థానంలో బ్యాంజో తీగ వేసుకునేవాళ్ళట. నేను కొనే సెట్ ఆరేడు వందలు పడుతుంది. పూత వేసిన ఎలిక్సిర్ లాంటివి ఖరీదు ఎక్కువ, కానీ సముద్రం దగ్గర ఊళ్ళలో అవి ఎక్కువ రోజులు నిలబడతాయి కాబట్టి లెక్క సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. స్ట్రాట్ గిటార్‌కి బ్రిడ్జ్ కదులుతుంది. 1954లో ఫెండర్ ఈ గిటార్ తెచ్చినప్పటి నుంచి ఉన్న డిజైనే. పక్కన ఒక రాడ్ ఉంటుంది కదా, దాన్ని నొక్కితే స్వరం వంగుతుంది. వెనక ప్లాస్టిక్ ప్లేట్ తీసి చూడండి, స్ప్రింగులు కనిపిస్తాయి, మామూలుగా మూడు, గరిష్ఠంగా ఐదు. ముందు నుంచి తీగలు బ్రిడ్జ్‌ని మెడ వైపు లాగుతాయి, వెనక నుంచి స్ప్రింగులు దాన్ని వెనక్కి లాగుతాయి. టగ్ ఆఫ్ వార్. ఎంత బలం అనుకుంటున్నారు? 10-46 సెట్ స్ట్రాట్ మీద మామూలు ట్యూనింగ్‌లో ఉంటే ఆరు తీగలూ కలిపి 45 కిలోలకు పైనే లాగుతాయి. 9-42 అయితే 38 కిలోల దగ్గర. అర బస్తా బియ్యం కంటే ఎక్కువ అన్నమాట. దానికి సరితూగేలా స్ప్రింగులు వెనక నుంచి లాగుతున్నాయి. అందుకే బ్రిడ్జ్ కదలకుండా నిలబడింది.

నేను చేసిన ఘనకార్యం వినండి. ఆఫీసులో యాన్యువల్ డే, మర్నాడు సాయంత్రం స్టేజి మీద మూడు పాటలు. కొత్త తీగలు వేసుకుంటే గొప్పగా ఉంటుందని రాత్రి పదకొండింటికి కూర్చున్నాను. కట్టర్ తీసుకుని ఆరు తీగలూ పీకేశాను. బ్రిడ్జ్ టప్‌మని వెనక్కి పడుకుంది. తీగలు పోతే స్ప్రింగుల్ని ఆపేదెవరు? నాకు ఆ సంగతి తెలియదు, ఏదో విరిగిందనుకున్నాను. ఆరో తీగ వేసి ట్యూన్ చేశాను. ఐదోది వేశాను, ఆరోది దిగిపోయింది. మళ్ళీ ఆరోది బిగించాను, ఐదోది దిగింది. నాలుగోది వేస్తే రెండూ దిగాయి. ప్రతి కొత్త తీగా బ్రిడ్జ్‌ని కొంచెం ముందుకి లాగుతుంది కాబట్టి అంతకు ముందు వేసినవి వదులవుతాయి. తెల్లవారుజామున రెండున్నరకి కూడా నేను కీలు తిప్పుతూనే ఉన్నాను. పక్క ఫ్లాట్ అంకుల్ తలుపు కొట్టాడు.

ఆఫీసులో లైవ్‌లో ఉన్న పది సర్వర్లనీ ఒకేసారి ఆపేసి అప్‌డేట్ చేయొద్దు, ఒక్కోటి చేయాలి అని జూనియర్లకి క్లాసు పీకేది నేనే. గిటార్ దగ్గరికి వచ్చేసరికి అది గుర్తు రాలేదు.

కాబట్టి ఒక్కో తీగ తీయండి, దాని స్థానంలో కొత్తది వేయండి, ట్యూన్ చేయండి, తర్వాత రెండోది. పాతది తీసేటప్పుడు ముందు కీ తిప్పి పూర్తిగా వదులు చేయండి, వేలాడే దాకా. అప్పుడు కట్ చేయండి. బిగుతుగా ఉన్న తీగని కట్ చేస్తే కొరడాలా లేస్తుంది, కంటికి ప్రమాదం. కళ్ళజోడు ఉంటే పెట్టుకోండి, అప్పుడు మొహం కూడా గిటార్ మీదకి వంచొద్దు. కట్ చేసిన ముక్కలు వెంటనే ఒక కాయితంలో చుట్టి టేప్ వేసి చెత్తలో పడేయండి. మన ఇళ్ళల్లో అందరం వట్టి కాళ్ళతో తిరుగుతాం. నా గదిలో ఊడుస్తుంటే అలాంటి ముక్కే మా అమ్మ అరికాల్లో దిగింది. ఆ రోజు ఇంట్లో గిటార్ అనే మాట ఎత్తలేదు నేను.

స్ట్రాట్‌లో తీగని వెనక నుంచి ఎక్కించాలి. ప్లేట్‌లో రంధ్రాలుంటాయి, అక్కణ్ణుంచి తోస్తే శాడిల్ మీదుగా ముందుకి వస్తుంది. తీగ చివర చిన్న ఇత్తడి గుండు ఉంటుంది, అది లోపల బ్లాక్‌లో ఆగాలి. పాత గుండు లోపల ఇరుక్కుపోతే కంగారు పడకండి. ఇప్పుడే తీసిన లావు తీగ ముక్కతో పై నుంచి తోయండి, వచ్చేస్తుంది.

తీగని పైకి తెచ్చి నట్ గాడిలో పెట్టి, దాని కీ దాటి ఇంకో కీ, దానిపైన సగం దూరం వరకు పొడుగు వదలండి. మిగతాది ఇప్పుడే కట్ చేయొద్దు, పోస్టుకి బిగుసుకున్నాక కట్ చేయండి. చుట్టు తీగల్ని ముందే కట్ చేస్తే పైచుట్టు లోపల వదులైపోతుంది. రంధ్రంలోంచి దూర్చి అవతల వైపు గట్టిగా వంచండి. ఒక చేత్తో తీగని కొంచెం బిగువుగా పట్టుకుని రెండో చేత్తో కీ తిప్పండి. తీగ పోస్టుకి లోపలి వైపు, అంటే కీలకి దూరంగా ఉండే వైపు నుంచి చుట్టుకోవాలి. ప్రతి చుట్టూ ముందు చుట్టుకి కిందకి రావాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. లావు తీగలకి రెండు మూడు చుట్లు, సన్నవాటికి మూడు నాలుగు. పది చుట్లు చుట్టేవాళ్ళున్నారు, గట్టిగా ఉంటుందని. అది గట్టిగా ఉండదు, ఆ చుట్లు మెల్లగా సర్దుకుంటూ ఉంటాయి, ట్యూన్ జారుతూ ఉంటుంది.

తీగ తీసినప్పుడు నట్ గాడిలో పెన్సిల్ ములికితో నాలుగు గీతలు గీయండి. గ్రాఫైట్ జారుడుగా ఉంటుంది కదా, తీగ అక్కడ పట్టేయకుండా ఉంటుంది. ట్యూన్ చేస్తుంటే టిక్కుమని శబ్దం వస్తోందంటే తీగ పట్టేస్తున్నది అక్కడే.

ఫ్రెట్‌బోర్డ్ బాగా మురికిగా ఉంది, అన్నీ తీసి తుడవాలి అంటే ఒక ఉపాయం ఉంది. తీగలు తీసే ముందే బ్రిడ్జ్ ప్లేట్ వెనక అంచు కింద, బాడీకి మధ్య సందులో, పాత విజిటింగ్ కార్డులు సరిపడా దూర్చండి, గుడ్డ ముక్క చుట్టి. బ్రిడ్జ్ పడుకోదు. తుడవడానికి లెమన్ ఆయిల్ అని అమ్ముతారు, రోజ్‌వుడ్ బోర్డుకి రెండు చుక్కలు చాలు. లేత రంగు మేపుల్ బోర్డుకి పైన పూత ఉంటుంది, దానికి ఆయిల్ వద్దు, కొద్దిగా తడి చేసిన గుడ్డ చాలు. ఒకాయన కామెంట్లో నిమ్మరసం వాడొచ్చా అని అడిగాడు. బాబూ, పులిహోరకి వాడుకో.

అన్నీ వేశాక ట్యూన్ నిలబడలేదని భయపడకండి. కొత్త తీగ సాగుతుంది, చుట్లు సర్దుకుంటాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని వేళ్ళతో పట్టుకుని బోర్డు నుంచి మెల్లగా పైకి లాగండి. మెల్లగా అన్నాను, విల్లు ఎక్కుపెట్టినట్టు కాదు. ట్యూన్ దిగుతుంది, మళ్ళీ చేయండి. మూడు నాలుగుసార్లు చేస్తే దిగడం ఆగిపోతుంది. ఆ అమ్మాయి చెప్పిన పది నిమిషాల కథలో సగం ఇక్కడే తీరుతుంది.

అదే మందం కొనమన్నానే, ఇదిగో కారణం. 9 తీసి 10 వేస్తే ముందు వైపు బలం పెరుగుతుంది, బ్రిడ్జ్ వెనక భాగం పైకి లేస్తుంది, తీగలు ఎత్తవుతాయి, నొక్కడం కష్టమవుతుంది. అప్పుడు తీగలు వదులు చేసి, వెనక స్ప్రింగుల కొక్కేనికి ఉండే రెండు స్క్రూలని పావు తిప్పు, పావు తిప్పు సమానంగా బిగించి, మళ్ళీ ట్యూన్ చేసి చూడాలి. వాయిస్తుండగా ఒక తీగ తెగితే మిగతా ఐదూ పైకి వెళ్ళిపోతాయి, అదీ ఇందుకే. పాట మధ్యలో తెగితే ఏం చేయాలంటారా? నవ్వుతూ చప్పట్లు కొట్టించండి, అంతకుమించి నాకు తెలిసిన మార్గం లేదు.

చివరికి పన్నెండో ఫ్రెట్ పరీక్ష. అక్కడ తీగని ఊరికే తాకి వచ్చే హార్మోనిక్, నొక్కి వచ్చే స్వరం, రెండూ ట్యూనర్‌లో ఒకటే చూపాలి. నొక్కింది ఎక్కువుంటే శాడిల్‌ని మెడకి దూరంగా జరపాలి, తక్కువుంటే దగ్గరికి. పాత తీగల మీద ఈ పని పెట్టుకోవద్దు, టైమ్ వేస్ట్.

మొత్తం పనికి నాకిప్పుడు అరగంట పడుతుంది. మొదటిసారి గంటన్నర వేసుకోండి. వాయించాక పొడి గుడ్డతో తీగల్ని పైనా కిందా తుడిస్తే ఇంకొన్ని వారాలు బతుకుతాయి. వేరుశెనగలు తింటూ వాయించే అలవాటు ఉన్నవాళ్ళు, మీకు తెలుసు మీరెవరో.

భీమవరం చెల్లెమ్మా, ఆదివారం ఎవరో గిటార్ చూడ్డానికి వస్తున్నారని చెప్పావు. ఈ రోజు బుధవారం. ఒక 9-42 సెట్ తెప్పించుకో, శనివారం ఎక్కించు, ఒక గంట వాయించు. అప్పటికీ అమ్మాలనిపిస్తే అమ్మేయ్, కొత్త తీగలున్నాయని చెప్పి ఇంకో ఐదొందలు ఎక్కువ అడుగు. ఏ సంగతీ నాకు మెసేజ్ పెట్టు. మిగతావాళ్ళు మీ తీగల ఫొటోలు పంపండి, ఎంత తుప్పు పట్టినా పర్లేదు. వచ్చే వారం కలుద్దాం.